మినీ ఎక్స్‌కవేటర్ కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా? ఎకరాలు కాదు, గంటలు లెక్కపెట్టండి

(వీడియోలో మాట్లాడిన మాటలను చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడ సర్ది ఇస్తున్నాం. లెక్కలన్నీ వీడియోలో బోర్డు మీద వేసినవే.)



నూజివీడు వైపు నుంచి ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పంపారు. ఆయనకు 14 ఎకరాల మెట్ట. అందులో 5 ఎకరాల ముసలి మామిడి తోట తీసేసి ఆయిల్‌పామ్ వేస్తున్నారు. ఆయన మాటల్లోనే చెబుతాను. "మా అబ్బాయి మూడు టన్నుల చిన్న హిటాచీ కొందామంటున్నాడు బాబూ. లోను ఇస్తాం, పొలం కాగితాలు పెట్టమంటున్నారు. అద్దెకు తెచ్చుకుందాంరా అని నేనంటే, ఆ అద్దె డబ్బులతో బండే సొంతమైపోతుంది గదా నాన్నా అంటాడు. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. ఎవరి మాట నిజం?"

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదండీ. కాబట్టి ఈ ఎపిసోడ్ అంతా దీనికే. అయితే ఎవరు గెలిచారో చెప్పను. లెక్క వేసి చూపిస్తాను, మీ అంకెలు పెట్టుకుని మీరూ వేసుకోండి.

ముందు బండి సంగతి

మన దగ్గర టైర్ల మీద నడిచేదాన్ని జేసీబీ అంటాం, ట్రాకుల మీద నడిచేదాన్ని హిటాచీ అనో ప్రొక్లెయిన్ అనో అంటాం. రెండూ కంపెనీల పేర్లే. ప్రొక్లెయిన్ అన్నది పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు మన నోట్లో పడి మారింది. ఎవరు తయారు చేసినా ట్రాకుల మీద నడిచి, చుట్టూ తిరుగుతూ తవ్వేదాన్ని ఎక్స్‌కవేటర్ అంటారు. అందులో ఆరు టన్నుల లోపువి మినీలు.

మూడు టన్నుల బండి వెడల్పు సుమారు అయిదడుగులు. తొమ్మిదడుగుల లోతు దాకా తవ్వుతుంది. ఒకటిన్నర, రెండు టన్నులవి ఇంకా సన్నం, చెట్ల వరసల మధ్య సులువుగా దూరతాయి. జేసీబీ ఏడున్నర టన్నులుంటుంది, వెడల్పు ఏడడుగులు దాటుతుంది. అది తోటలోకి వస్తే డ్రిప్పు లైను తొక్కుతుంది, కొమ్మలు విరుస్తుంది, తిరగడానికి చోటు చాలదు. చిన్న బండికి ఆ బాధ లేదు. పెద్దాయన కొడుకు ఆశపడటంలో తప్పు లేదు, ఇది నిజంగా మంచి మిషను.

కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. జేసీబీ రోడ్డు మీద తనంతట తాను వస్తుంది. మినీ రాదు. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల నడక దానిది, రోడ్డు మీద నడిపితే రబ్బరు ట్రాకు అరిగిపోతుంది. ఏ ఊరికి పోవాలన్నా లారీయో ట్రాలీయో కావాలి. ఈ రవాణా ఖర్చు కొన్నవాళ్లకీ ఉంటుంది, అద్దెకు తెచ్చుకున్నవాళ్లకీ ఉంటుంది.

మన పొలంలో పని ఎన్ని గంటలు?

"మాకు పధ్నాలుగు ఎకరాలుంది, బండి పెట్టుకోవచ్చు" అంటారు. ఎకరాలతో దీనికి సంబంధం లేదండీ. మిషను పని గంటల్లో ఉంటుంది. పెద్దాయన పొలం పని గంటల్లో చూద్దాం.

ఆయిల్‌పామ్‌ని తొమ్మిది మీటర్ల త్రికోణం పద్ధతిలో నాటితే ఎకరానికి 57 మొక్కలు. అయిదెకరాలకు 285 గుంతలు. రెండడుగుల గుంతలు గంటకు ఒక ఇరవై తీస్తుందనుకుంటే 15 గంటల్లో అయిపోతుంది. కొత్త పైపులైను 400 మీటర్లు ఉందన్నారు. అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు, మామూలు నేలలో గంటకు 30 మీటర్లు వేసుకుంటే 13, 14 గంటలు. సరిహద్దు వెంట కాలవ తీసి గట్టు పోయడానికి 20 గంటలు. పెంట గుంట, మురుగు కాలవ పూడిక, చిల్లర పనులు కలిపి 10 గంటలు.

మొత్తం 60 గంటలు. రోజుకు ఏడెనిమిది గంటల చొప్పున ఎనిమిది రోజుల పని. ఇది కొత్త తోట వేసే సంవత్సరం కాబట్టి. రెండో ఏడు నుంచి కాలవలు బాగుచేయడం, గట్లు సరిచేయడం, ఇంతే. ఏడాదికి 20 గంటలుంటే ఎక్కువ. అంటే అయిదేళ్లలో 60, ఆపైన నాలుగు ఇరవైలు 80, కలిపి 140 గంటలు.

నేల రాతిదైతే, గరప అయితే గంటలు పెరుగుతాయి. ఒకటిన్నర రెట్లు వేసుకోండి. కింద లెక్కలో ఫలితం మారదు, చూస్తారు.

పెద్ద బండి పని చిన్న బండితో చేయించొద్దు

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. సొంత బండి ఉంటే మామిడి మొద్దులు పీకేస్తాం, ఫారం పాండ్ తవ్వేస్తాం అనుకుంటారు. ముప్పై ఏళ్ల మామిడి మొద్దు మూడు టన్నుల బండికి లొంగదు. లొంగినా చుట్టూ తవ్వి, వేళ్లు ఒక్కోటి తెంపి, పూటంతా పడుతుంది. దానికి పెద్ద ట్రాక్ బండే కావాలి.

ఫారం పాండ్ సంగతి అంకెల్లో చూద్దాం. పైన 20 మీటర్లు, 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, పక్కలు ఏటవాలుగా ఒకటికి ఒకటిన్నర. కింద 11 మీటర్లు మిగులుతుంది. మట్టి సుమారు 740 ఘనపు మీటర్లు. చిన్న బండి గంటకు 11 ఘనపు మీటర్లు తీస్తే 67 గంటలు, గంటకు 1,100 చొప్పున 74 వేలు. ఇరవై టన్నుల బండి గంటకు 70 తీసినా 11 గంటల్లో అయిపోతుంది. దానికి గంటకు 2,200 ఇచ్చినా పాతిక వేల లోపు, రవాణా అదనం. గంట రేటు రెట్టింపు, మొత్తం ఖర్చు మాత్రం సగం కూడా కాదు.

కాబట్టి సొంతంగా చిన్న బండి ఉన్నా మొద్దులకీ చెరువుకీ పెద్ద బండిని పిలవాల్సిందే. ఆ గంటలను మినీ లెక్కలో కలపకండి.

సొంతమైతే ఏడాదికి ఎంత?

(బోర్డు మీద రాస్తూ) ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకుంటున్నవి. మీరు డీలర్ కొటేషనూ, మీ ఊరి అద్దె రేటూ పెట్టి మళ్లీ వేయండి. కొటేషన్‌లో జీఎస్టీ కలిపారో లేదో అడగండి. ట్రాక్టర్‌కి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది గానీ ఎక్స్‌కవేటర్‌కి 18 శాతం.

పన్నుతో కలిపి బండి 24 లక్షలు అనుకుందాం. అయిదేళ్లు వాడి 12 లక్షలకు అమ్మామనుకుందాం. పోయింది 12 లక్షలు, అంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఇది మన చేతి నుంచి నెల నెలా కనపడకుండా పోయే డబ్బు. అందుకే చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు.

తర్వాత వడ్డీ. బండిలో సగటున 18 లక్షలు ఇరుక్కుని ఉంటుంది, 10 శాతం వేస్తే ఏడాదికి 1 లక్షా 80 వేలు. అప్పు చేయకుండా సొంత డబ్బు పెట్టినా ఆ డబ్బు ఇంకోచోట సంపాదించేది పోయినట్టే గదా. ఇన్సూరెన్సు, షెడ్డు, నిలబడి ఉన్నా పాడయ్యే బ్యాటరీ, హోసులు, ఇవన్నీ కలిపి 40 వేలు.

మొత్తం 4 లక్షల 60 వేలు. బండి ఒక్క గంట కూడా తిరక్కపోయినా అయ్యే ఖర్చు ఇది.

ఇక తిరిగితే గంటకు అయ్యే ఖర్చు. డీజిల్ మూడు లీటర్లు, లీటరు 100 వేసుకుంటే 300. ఆపరేటర్ 150. ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు, బకెట్టు పళ్లు, పిన్నులు, ట్రాకు అరుగుదల కలిపి 150. మొత్తం 600.

బయట అద్దె డీజిల్, ఆపరేటర్‌తో కలిపి గంటకు 1,100 అనుకుంటే, సొంత బండి తిరిగిన ప్రతి గంటకీ మనకు మిగిలేది 500. 4 లక్షల 60 వేలను 500తో భాగించండి. 920 గంటలు.

ఏడాదికి 920 గంటలు తిరిగితేనే అద్దెకీ సొంతానికీ సమానం. అబ్బాయే నడుపుతాడు, ఆపరేటర్ జీతం లేదనుకున్నా 700 గంటలు దాటాలి. పెద్దాయన పొలంలో పని మొదటి ఏడు 60, తర్వాత 20.

అయిదేళ్ల లెక్క కూడా చూడండి. అద్దెకైతే 140 గంటలకు 1 లక్షా 54 వేలు. ఆరుసార్లు బండి తెప్పించడానికి అయిదేసి వేలు వేసినా ఇంకో 30 వేలు. మొత్తం 1 లక్షా 84 వేలు. కొంటే? "తక్కువ తిరిగిన బండి గదా, ఎక్కువకు అమ్ముడుపోతుంది" అంటారు. సరే, 16 లక్షలకు అమ్ముడుపోయిందనే అనుకుందాం. అరుగుదల 8 లక్షలు, వడ్డీ 10 లక్షలు, ఇన్సూరెన్సు వగైరా 2 లక్షలు. 20 లక్షలు, డీజిల్ కాకుండా. రాతి నేల అని గంటలు రెట్టింపు చేసినా అద్దె నాలుగు లక్షలు దాటదు.

"అద్దె డబ్బులతో బండి సొంతమైపోతుంది" అన్న మాట ఇక్కడ నిలబడదు.

వాయిదా నెల నెలా వస్తుంది, గెల రాదు

6 లక్షలు చేతి డబ్బు, 18 లక్షలు లోను, 11 శాతం వడ్డీ, నాలుగేళ్లు అనుకుంటే నెలకు సుమారు 46,500 ఈఎంఐ. ఏడాదికి అయిదున్నర లక్షల పైమాటే.

ఇప్పుడు ఆ ఇంటి పరిస్థితి ఆలోచించండి. మామిడి అయిదెకరాలు తీసేశారు, ఆ ఆదాయం పోయింది. ఆయిల్‌పామ్‌లో గెలల దిగుబడి మొదలయ్యేది నాలుగో ఏడు. మధ్యలో అంతరపంట వేసుకుంటే కొంత వస్తుంది. అంటే ఆదాయం తగ్గి ఉండే సరిగ్గా ఆ నాలుగేళ్లే ఈఎంఐ కట్టే నాలుగేళ్లు కూడా. మిగిలిన మామిడి కాపు ఏడాదికి ఒకసారి. ఈదురు గాలికి ఆ కాయ రాలిపోతే? బ్యాంకు వాళ్లకు గాలివానతో పని లేదు. తాకట్టులో ఉండేది పొలం కాగితాలు. పెద్దాయన భయం పిరికితనం కాదండీ, అది లెక్కే. ఆయన నోటితో వేశారు, మనం బోర్డు మీద వేశాం.

మరి అబ్బాయి మాటలో నిజమే లేదా?

ఉంది. అతను మనసులో అనుకుంటున్నది వేరే పని. మన పొలంలో అరవై గంటలు, మిగతా ఎనిమిది వందల గంటలు చుట్టుపక్కల బాడుగకు తిప్పుదాం అని. అది తప్పు ఆలోచన కాదు. కానీ దాని పేరు వ్యవసాయం కాదు, బాడుగ వ్యాపారం. దాన్ని వ్యాపారంలాగే చూడాలి.

920 గంటలంటే రోజుకు ఏడు గంటల చొప్పున 131 రోజులు. మన వైపు చేలు ఖాళీగా ఉండి బండి దిగగలిగేది ఎక్కువగా ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి దాకా. వానలు పడ్డాక నల్లరేగడిలో దిగబడుతుంది, పంట ఉన్న చేలోకి ఎవరూ రానివ్వరు. ఉన్న ఆ నెలల్లో దాదాపు రోజూ పని దొరకాలి. లేదంటే వానాకాలంలో ఊళ్లో డ్రైనేజీ, పునాదులు, కేబుల్ లైన్ల పనులు పట్టుకోవాలి, అంటే కాంట్రాక్టర్లతో పరిచయాలుండాలి.

ఇంకొకటి. ఊళ్లో బాడుగ డబ్బు "పంట రాగానే ఇస్తాం తమ్ముడూ" అనే మాట మీద నడుస్తుంది. డీజిల్ బంకులో ఆ మాట చెల్లదు. బాబాయి దగ్గర, మేనమామ దగ్గర గట్టిగా అడగలేం. చేతిలో కనీసం నాలుగు నెలల ఈఎంఐ, డీజిల్ డబ్బు లేకుండా ఈ వ్యాపారంలో దిగొద్దు.

అబ్బాయికి నేను చెప్పేది ఒకటే. నాన్నా, కొనేముందు ఒక సీజన్ మధ్యవర్తిగా పని చెయ్యి. అద్దె బండి మాట్లాడు, మీ పనితోపాటు చుట్టుపక్కల రైతుల పని కూడా పట్టి ఆ బండితో చేయించు. ఎవరి చేలో ఎన్ని గంటలు, డబ్బు ఏ తేదీన చేతికొచ్చింది, పుస్తకంలో రాయి. "బండి తెస్తే మేం పిలుస్తాం" అన్న మాటలు రాయొద్దు, జరిగిన గంటలే రాయి. సీజన్ చివర 500 గంటలు దాటి, డబ్బు కూడా చాలావరకు వసూలైతే, అప్పుడు ఆ పుస్తకం తీసుకుని బ్యాంకుకు వెళ్లు. వంద గంటల్లోనే ఆగిపోతే, పొలం కాగితాలు బీరువాలోనే ఉన్నాయని సంతోషించు.

మధ్య దారులు

సెకండ్‌హ్యాండ్ బండి. 10 లక్షలకు కొని అయిదేళ్లకు 6 లక్షలకు అమ్మితే, వడ్డీ, ఇన్సూరెన్సు, రిపేర్లకు పక్కన పెట్టే డబ్బు కలిపి ఏడాదికి 2 లక్షల 35 వేలు పడిందనుకుందాం. గంటకు మిగిలేది అదే 500 అయితే 470 గంటలకు సమానం. లెక్క సగానికి దిగింది. కానీ రిపేరు వచ్చిందంటే ఆ లెక్క మళ్లీ ఎక్కుతుంది. అవర్ మీటర్ ఒక్కటే చూసి నమ్మొద్దు. బకెట్టు నేలకు ఆనించి పిన్నులు, బుష్షులు ఎంత ఊగుతున్నాయో చూడండి. సిలిండర్ రాడ్ల మీద గీతలు, ఆయిల్ చెమ్మ చూడండి. బకెట్టులో మట్టి నింపి పైకెత్తి అయిదు నిమిషాలు ఆపండి, కిందికి జారుతుంటే హైడ్రాలిక్స్‌లో లీకు ఉన్నట్టే. పైభాగం తిప్పే చోట గుల్ల ఉందేమో చూడండి. రబ్బరు ట్రాకులో తీగలు బయటపడి ఉంటే వాటి ధర బేరంలో తగ్గించాలి. పాత లోను తీరినట్టు ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

నలుగురు కలిసి కొనడం. పదిమంది రైతులు, ఒక్కొక్కరికి అరవై గంటలు అన్నా 600. అదీ మొదటి ఏడే. పైగా అందరికీ అదే మే నెలలో కావాలి. ఎవరి చేలో ముందు, రిపేరు ఎవరి ఖాతాలో అన్నది కాగితం మీద రాసుకోకపోతే బండి కంటే ముందు స్నేహం పాడవుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉండి, బయటివాళ్లకూ అద్దెకిచ్చే ఏర్పాటు ఉంటే ఆలోచించవచ్చు.

ఉన్న ట్రాక్టరుకే పనిముట్టు. గుంతలు తీయడం ఒక్కటే పనైతే ట్రాక్టరుకు తగిలించే ఆగర్ చాలు. మినీ ధరలో అది చిన్న వంతు. సబ్సిడీ ఉందా అన్నది వ్యవసాయాధికారిని అడిగి, మంజూరు కాగితం చేతికొచ్చాకే లెక్కలో వేసుకోండి.

అద్దెకు తెచ్చుకునేటప్పుడు

అద్దె కూడా తెలివిగా తేవాలి. లేకపోతే అరవై గంటల పని తొంభై అవుతుంది.

ఒకటి, గంట ఎప్పటి నుంచి మొదలు? ట్రాలీ దిగినప్పటి నుంచా, తవ్వకం మొదలైనప్పటి నుంచా? పొద్దున, సాయంత్రం అవర్ మీటర్ ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. తర్వాత మాటలుండవు.

రెండు, డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బేటా ఎవరిది, రవాణా ఒకవైపా రెండువైపులా, కనీసం ఎన్ని గంటలకు డబ్బివ్వాలి, మధ్యలో బండి ఆగిపోతే ఎలా? ఈ అయిదూ ముందే తేల్చుకోండి.

మూడు, బండి రాకముందే సున్నంతో గుర్తులు వేసి ఉంచండి. గుంతలకు తాడు పట్టి ముగ్గు పోయండి. బండి వచ్చాక టేపు పట్టుకుని తిరిగితే మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు, పనులన్నీ ఒక్కసారికి పోగుచేయండి. పక్క రైతు పని కూడా కలిస్తే రవాణా సగమవుతుంది. నేల పదును మీద ఉన్నప్పుడు పిలవండి. ఎండి రాయిలా ఉన్న నేలలో అదే పనికి గంటలు పెరుగుతాయి.

అయిదు, పైపులైనుకు సన్న బకెట్టు తెమ్మనండి. వెడల్పు బకెట్టుతో తీస్తే అక్కర్లేని మట్టి తవ్వి, మళ్లీ పూడ్చడానికి ఇంకో గంట.

ఆరు, బోరు కేబుల్, పాత పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో జెండాలు పెట్టండి. పైన కరెంటు తీగలుంటే ఆపరేటర్‌కు ముందే చూపించండి. బండి చేయి ఎంత ఎత్తు లేస్తుందో మనకు కింద నుంచి తెలియదు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

చివరగా

పెద్దాయనా, మీ పొలం పని వరకైతే మీ మాటే నిజం. అద్దెకు తెచ్చుకోండి, మొద్దులకు పెద్ద బండి, గుంతలకు చిన్న బండి. బాబూ, నీకు బాడుగ వ్యాపారం చేయాలనుంటే అది నాన్న పొలం పేరు చెప్పి కొనకు, నీ పుస్తకంలో గంటలు చూపించి కొను. అప్పుడు నాన్నే సంతకం పెడతారు.

మిగతావాళ్లు ఈ వారం ఒక పని చేయండి. మీ పొలంలో వచ్చే ఏడాది తవ్వకం పనులన్నీ కాగితం మీద రాసి, పక్కన గంటలు వేయండి. ఆ మొత్తాన్ని 920 పక్కన పెట్టి చూడండి. మీ ఊరి రేట్లతో వేస్తే ఎంత వచ్చిందో మాకు పంపండి, వాటిలో కొన్ని వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం.